చెవుడు తల్లి తప్పు కాదు

పుట్టిన బిడ్డకు చెవులు వినబడకపోతే, "గ్రహణం వేళ తల్లి బయట తిరిగింది" అని ఆమెను నిందించేవారిని మీరెరుగుదురు. ఆ నింద ఎంత అన్యాయమో బ్రిటన్ శాస్త్రవేత్త కేరెన్ స్టీల్ పరిశోధనలు తెలుపుతాయి.

తల ఊపుతూ గుండ్రంగా తిరిగే ఒక జాతి చెవిటి ఎలుకలను ఆమె పరిశీలించారు. వినికిడికీ, శరీరం తూలకుండా నిలవడానికీ లోపలి చెవే ఆధారం. అక్కడి సున్నితమైన కణాలకు అవసరమైన ఒక జన్యువు ఆ ఎలుకలలో చెడిందని 1995లో ఆమె, సహచరులు కనుగొన్నారు. పుట్టుచెవుడుతో పాటు క్రమంగా చూపును కూడా కోల్పోయే కొందరు మనుషులలో ఉన్నదీ ఆ జన్యులోపమేనని అదే ఏడాది తేలింది. ఈ కృషికి 2012లో ఆమె, ఫ్రాన్స్ శాస్త్రవేత్త క్రిస్టీన్ పెటీతో కలిసి బ్రెయిన్ ప్రైజ్ అందుకున్నారు.

ఇటువంటి లోపం తల్లిదండ్రులిద్దరిలోనూ దాగి ఉండవచ్చు. వారికి చక్కగా వినబడుతుంది. అయినా ప్రతి కాన్పులోనూ బిడ్డ చెవుడుతో పుట్టే అవకాశం నాలుగింట ఒక వంతు. మేనరికాలలో ఈ ప్రమాదం ఎక్కువ.

2023లో స్టీల్ బృందం మరో జన్యువును తిరిగి పనిచేయించి ఎలుకలలో వినికిడిని మెరుగుపరచింది. ఎంత చిన్న వయసులో చేస్తే అంత మేలు కలిగింది. మనుషులకు ఆ చికిత్స ఇంకా రాలేదు. కాని ఆలస్యం తగదన్న పాఠం మనకూ వర్తిస్తుంది.

కనుక తల్లిని నిందించకండి. చప్పుడుకు పసిబిడ్డ ఉలిక్కిపడకపోతే, "మాటలు నెమ్మదిగా వస్తాయిలే" అని ఊరుకోక, వెంటనే వినికిడి పరీక్ష చేయించండి.