జానపద గేయము – నూతన వాద్యము

జానపద గేయము గిటారుతో జతకూడిన యెడల తన జీవమును కోల్పోవునా? గేయపు మూలమును మరువనంతవరకు కోల్పోదని మా అభిప్రాయము.

అమెరికా దక్షిణ రాష్ట్రములలో నల్లజాతి శ్రామికులు పత్తిచేలలో పాడుకొన్న పాటల నుండి బ్లూస్ సంగీతము పుట్టినది. 1920లో మామీ స్మిత్ గానముతో రికార్డుల కెక్కి, తరువాత రాక్ సంగీతమునకు పునాది అయినది. శ్రమజీవుల వేదనను విడువనందుననే అది నిలిచినది.

తెలుగునను అట్టి యత్నము జరిగినది. హైదరాబాదుకు చెందిన 'చౌరస్తా' బృందము జానపద బాణీలను జమైకా దేశపు రెగే లయతో మేళవించినది. 'ఊరెళ్ళిపోత మామ' పాటలో సొంత ఊరికై పడు బెంగ వినిపించును. 2020లో కరోనా ప్రబలినపుడు, చేతులు కలుపవద్దని ఆ బృందమే పాట కట్టి ప్రజలను హెచ్చరించినది.

మన చిత్తూరు సీమ విద్యార్థులకు ఇట్టి మూలధనము రెండు భాషలలో కలదు. తెలుగున తిరగలి పాటలున్నట్లే దక్కనీ ఉర్దూలో చక్కీనామాలు కలవు. బీజాపూరు సూఫీల సంప్రదాయములో వెలసిన ఆ పాటలను స్త్రీలు పిండి విసరుచు పాడుకొనెడివారు. పిండిమరలు వచ్చి తిరగలి మూలబడినది. దానితో పాటయు మరుగున పడుచున్నది. కనుక విద్యార్థులు సెలవులలో మదనపల్లె, పలమనేరు, పుంగనూరు ప్రాంతపు పల్లెలలో అవ్వల చెంత, దాదీల చెంత కూర్చుండి, వారికి గుర్తున్న పాటలను వ్రాసికొనవలెను. గిటారును రేపైనను కొనవచ్చును. ఆ పాటలకు మాత్రము నేడే పూనుకొనవలెను.