జాబితాలో చివరి పేరు దాకా
(మొబైల్ యాప్‌లో స్క్రోల్ స్థానాన్ని గుర్తించడం: ఒక పాఠం)



మీరిచ్చే జకాత్, సదఖా, ఫిత్రా మా దగ్గర అమానత్. హక్కుదారు చేతికి చేరేదాకా సొసైటీ దానికి కాపలాదారు మాత్రమే. జకాత్ ఎవరికి చెందాలో ఎనిమిది వర్గాలుగా పవిత్ర ఖుర్ఆన్ తౌబా సూరా 60వ ఆయత్‌లో ఉంది. ఆ హక్కుదారుల పేర్లు నిన్నటిదాకా రిజిస్టరులో ఉండేవి, ఇప్పుడు యాప్‌లోకి వచ్చాయి. రిజిస్టరుకు చివరి పేజీ ఉంటుంది. చివరి పేరు కింద గీత గీసి సంతకం పెడతాం. ఫోన్ తెర మీద జాబితా ఎక్కడ ముగిసిందో అంత తేలిగ్గా తెలియదు. ఈ చిన్న విషయం ఒక పేదరాలి హక్కునే ఎలా మరుగు పరచగలదో చెప్పడానికే ఈ పాఠం.

జరిగిన పొరపాటు

యాప్ రాసింది నేనే కాబట్టి తప్పూ నాదే. ఒక రమజాన్‌లో సహాయం కోరుతూ 61 దరఖాస్తులు వచ్చాయి. కమిటీ పెద్దలు ఆఫీసులోని ట్యాబ్‌లో జాబితా చూసి పేర్లు ఖరారు చేశారు. రెండు రోజులకు ఒక పెద్దమ్మ వచ్చి, "బేటా, నా కాగితం తీసుకున్నారు కదా, పేరు లేదంటున్నారేమిటి?" అని అడిగింది. రిజిస్టరు తీస్తే ఆమెది 43వ నంబరు. నా ఫోన్‌లో 61 పేర్లూ కనిపిస్తున్నాయి. ట్యాబ్‌లో మాత్రం 20 దగ్గరే ఆగిపోయింది. పెద్దలు ఆ ఇరవై మందే ఉన్నారనుకున్నారు. ఎవరూ ఎవరినీ కావాలని వదిలేయలేదు. అయినా 41 ఇళ్ల పేర్లు చూడకుండా ఉండిపోయాయి. అల్‌హందులిల్లాహ్, పంపిణీ ఇంకా మొదలు కాలేదు కాబట్టి సరిదిద్దుకోగలిగాం.

స్క్రోల్ స్థానం అంటే ఏమిటి?

యాప్ అన్ని పేర్లనూ ఒకేసారి తెచ్చుకోదు. ఊళ్లలో సిగ్నల్ బలహీనం, ఫోన్ మెమరీ తక్కువ. అందుకే మొదట 20 పేర్లు తెచ్చి చూపి, చూసేవారు అడుగుకు చేరుతుంటే మరో 20 తెస్తుంది. వారు అడుగుకు చేరుతున్నారని యాప్‌కు ఎలా తెలుస్తుంది? మూడు కొలతల వల్ల.

మొదటిది జాబితా మొత్తం ఎత్తు. రెండోది తెర ఎత్తు. మూడోది ఇప్పటిదాకా ఎంత జరిపామన్నది. ఈ మూడోదే స్క్రోల్ స్థానం. పైన ఉన్నప్పుడు అది సున్నా. మొత్తం ఎత్తులోంచి తెర ఎత్తు తీసేస్తే, గరిష్ఠంగా ఎంత జరపవచ్చో వస్తుంది.

ఒక్కో పేరు వరుస 60 కొలతలు అనుకుందాం. 20 పేర్లకు 1200. ఫోన్ తెర 700 అయితే గరిష్ఠ స్థానం 500. స్థానం 500కు చేరితే అడుగు వచ్చినట్టు. లెక్క తేలికే. పొరపాట్లన్నీ ఈ తేలికలోనే దాగి ఉంటాయి.

నాలుగు పొరపాట్లు

ఒకటి, సరిగ్గా సమానమైతేనే లెక్కలోకి తీసుకోవడం. స్థానం దశాంశాల్లో కొలుస్తారు కాబట్టి 499.7 దగ్గర ఆగిపోవచ్చు. 500కు సమానమా అని అడిగితే యాప్ ఎప్పటికీ కాదనే అంటుంది. మన పోచంపాడు ప్రాజెక్టునే చూడండి. పూర్తి నీటిమట్టం 1091 అడుగులు. సరిగ్గా 1091 అయ్యాకే గేట్లు ఎత్తుదామని ఎవరూ కూర్చోరు. పైనుంచి వచ్చే వరదను చూసి ముందే ఎత్తుతారు. ఇక్కడా అంతే. అడుగుకు ఇంకా 200 ఉండగానే, అంటే స్థానం 300 దాటగానే తర్వాతి పేర్లు అడగాలి.

రెండు, జాబితా తెరకంటే చిన్నదైతే ఏమవుతుందో ఆలోచించకపోవడం. నేను చేసిన తప్పు ఇదే. ట్యాబ్ తెర ఎత్తు 1280 అనుకోండి. 1200 కొలతల జాబితా అందులో మొత్తం పట్టేస్తుంది. జరపడానికి ఏమీ లేదు. జరపకపోతే స్క్రోల్ కబురు రాదు, కబురు రాకపోతే తర్వాతి పేర్లు రావు. పెద్ద తెర మీద తక్కువ పేర్లు కనిపించడం వింతే, కానీ కారణం ఇంతే. మొదటి 20 పేర్లు తెర మీదికి రాగానే, వేలు కదిలే వరకు ఆగకుండా, తెర నిండిందా లేదా అని యాప్ తనంతట తాను చూసుకోవాలి. నిండకపోతే ఇంకా తేవాలి.

మూడు, ఒకే కట్టను రెండుసార్లు తేవడం. అడుగుకు దగ్గరగా ఉన్నంతసేపూ వేలు కదిలినప్పుడల్లా కబురు వస్తూనే ఉంటుంది. ఐఫోన్‌లో జాబితా అడుగు దాటి సాగి మళ్లీ వెనక్కి వస్తుంది, అప్పుడూ కబురు వస్తుంది. ప్రతి కబురుకూ పేర్లు తెస్తే ఒకే దరఖాస్తు రెండుసార్లు కనిపిస్తుంది. ఒకరికి రెండు సార్లు ఇవ్వడమంటే మరొకరి వంతు తగ్గడమే. తెస్తున్నంతసేపు "ఆగు" అని ఒక గుర్తు పెట్టాలి. దరఖాస్తు నంబరును బట్టి ఉన్న పేరును మళ్లీ చేర్చకూడదు.

నాలుగు, ఎక్కడిదాకా చూశామో కొలతల్లో గుర్తుపెట్టుకోవడం. 43వ పేరు దగ్గర ఫోన్ వస్తుంది, మాట్లాడి తిరిగొస్తాం. ఈలోగా పైన కొత్త దరఖాస్తు చేరితే పాత కొలత వేరే పేరు మీదికి పోతుంది. పెద్దలు అక్షరాల సైజు పెంచుకుంటే వరుసల ఎత్తే మారిపోతుంది. పొడవైన పేరు, చిరునామా రెండు వరుసలు పడుతుంది. అందుకే కొలత కాదు, దరఖాస్తు నంబరునే గుర్తుపెట్టుకోవాలి.

కంప్యూటర్ నేర్చుకుంటున్న పిల్లలకు

ఫ్లట్టర్‌లో స్క్రోల్ కంట్రోలర్ ఇచ్చే పిక్సెల్స్, మ్యాక్స్ స్క్రోల్ ఎక్స్‌టెంట్ అనే రెండు విలువలే పైన చెప్పిన స్థానం, గరిష్ఠ స్థానం. ఆండ్రాయిడ్‌లో 2014 నుంచి ఉన్న రీసైక్లర్ వ్యూ తెర దాటిపోయిన వరుసనే మళ్లీ వాడుకుంటుంది. కంటికి రాని వరుసల ఎత్తు దానికి తెలియదు కాబట్టి మొత్తం ఎత్తు అంచనాగానే చెబుతుంది. అందువల్ల ఎత్తు మీద ఆధారపడే కంటే, కనిపిస్తున్న చివరి వరుస ఎన్నోదో అడగడం నమ్మకం. లే అవుట్ మేనేజర్ ఆ సంఖ్య ఇస్తుంది.

అంతులేని జాబితా మనకు వద్దు

కిందికి జరుపుతుంటే వస్తూనే ఉండే పద్ధతిని 2006లో రూపొందించిన ఆజా రాస్కిన్, జనం దానికి అతుక్కుపోవడం చూసి తర్వాత విచారం వ్యక్తం చేశాడు. వినోదపు యాప్‌లు అంతం కనబడకూడదనుకుంటాయి. అమానత్ జాబితాకు అంతం కనబడి తీరాలి. ఇప్పుడు మన యాప్‌లో పైన "మొత్తం 61", కింద "61లో 61 చూపించాం, జాబితా ముగిసింది" అని ఉంటుంది. మధ్యలో నెట్ పోతే ముగిసిందని చెప్పదు, "ఇంకా 21 ఉన్నాయి, మళ్లీ ప్రయత్నించండి" అంటుంది.

ఇంకో మాట. పేరు తెర మీదుగా వెళ్లిందంటే దాన్ని ఎవరో చదివారని కాదు. వేలితో ఒక్కసారి తోస్తే పది పేర్లు దాటిపోతాయి. అందుకే స్క్రోల్ స్థానాన్ని బట్టి "పరిశీలించాం" అని యాప్ రాసుకోదు. కమిటీ సభ్యుడు దరఖాస్తు తెరిచి, చదివి, తానే గుర్తు పెట్టాలి.

దాతలు చూడదగినవి

మీ సొమ్ముతో నడిచే ఏ సంస్థ యాప్‌నైనా మీరే పరీక్షించవచ్చు. దీనికి ఇంజనీరు కానక్కర్లేదు.

1. రిజిస్టరులోని చివరి పేరు యాప్‌లో కనిపిస్తోందా?
2. చిన్న ఫోన్‌లోనూ పెద్ద ట్యాబ్‌లోనూ సంఖ్య ఒకటేనా?
3. అక్షరాలు పెద్దవి చేస్తే ఏ పేరైనా పోతోందా, రెండుసార్లు వస్తోందా?
4. మధ్యలో నెట్ ఆపితే, జాబితా పూర్తి కాలేదని యాప్ ఒప్పుకుంటోందా?

ఆ పెద్దమ్మ నడిచి వచ్చి అడిగింది కాబట్టి మా తప్పు బయటపడింది. అడగడానికి మొహమాటపడి ఇంట్లోనే ఉండిపోయేవాళ్లు మన మధ్య చాలామంది. వారి తరఫున ఈ నాలుగు ప్రశ్నలూ మీరు అడగండి. మీ దానాన్ని అల్లాహ్ స్వీకరించుగాక, దాన్ని చివరి పేరు దాకా చేర్చే సామర్థ్యాన్ని మాకు ప్రసాదించుగాక. ఆమీన్.