అడిగిందేమిటో ముందు చెప్పు

జగ్గయ్యపేట, నందిగామ మెట్ట పల్లెల్లో మిర్చి, పత్తి పండించే ఇళ్ళలో లెక్కలు నోటి మీదే తేలిపోతుంటాయి. అదే ఇంట్లో పదో తరగతి చదివే అమ్మాయి పుస్తకంలో నాలుగు వాక్యాల లెక్క చూస్తే తడబడుతుంది. కూడికలు రాక కాదు, ప్రశ్న పూర్తిగా చదవకముందే కంటబడ్డ అంకెల్ని గుణించెయ్యాలన్న తొందర వల్ల. ఈ తొందర మానిపించడం మన చేతిలో పనే.

ఒక లెక్క చూద్దాం. గుంటూరు మార్కెట్ యార్డుకు 20 టిక్కీల (బస్తాల) మిర్చి పంపారు. టిక్కీ 40 కిలోలు, తరుగు టిక్కీకి కిలో. క్వింటా ధర 15,000 రూపాయలు. కమీషను నూటికి 2. లారీ, హమాలీ కలిపి టిక్కీకి 100. పెట్టుబడికి తెచ్చిన అప్పు 60,000, నూటికి రెండు రూపాయల వడ్డీ, 8 నెలలైంది. బాకీ తీర్చాక చేతికెంత?

ముందు అంకెలు వదిలేసి ప్రశ్న చెప్పించండి: 'సరుకు డబ్బులో ఖర్చులు, అప్పు పోగా మిగిలేదెంత?' ఆ మాట వచ్చిందంటే దారి దొరికినట్టే. తరుగు పోగా 780 కిలోలు, అంటే 7.8 క్వింటాళ్ళు, 1,17,000. కమీషను 2,340, కూలీ కిరాయిలు 2,000 తీసేస్తే 1,12,660.

అసలు మెలిక వడ్డీలో ఉంది. ఊళ్ళో నూటికి రెండంటే నెలకు. బ్యాంకు చెప్పే శాతం ఏడాదికి. ఏడాదికి అనుకుంటే 8 నెలల వడ్డీ 800 రూపాయలే; నిజంగా కట్టాల్సింది 9,600. ఊరి లెక్కన ఏడాదికి 24 శాతం! రేపు ప్రామిసరీ నోటు మీద సంతకం పెట్టాల్సిన పిల్లలకు ఇంతకన్నా ముఖ్యమైన పాఠం నాకు కనిపించదు. చివరికి మిగిలేది 43,060.

ప్రశ్న అర్థం చేసుకో, దారి ఆలోచించు, చెయ్యి, వెనక్కి చూసుకో అని 1945లో గణితవేత్త జార్జ్ పోల్యా పుస్తకమే రాశాడు. అంతకు ఎన్నో శతాబ్దాల ముందే మన కవి పావులూరి మల్లన, మహావీరాచార్యుడి గణితాన్ని తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. మాటల్లోంచి లెక్కను పట్టుకోవడం మనకు కొత్త కాదు.

పోల్యా చెప్పిన నాలుగో మెట్టును, వెనక్కి చూసుకోవడాన్నే, అందరూ ఎగ్గొడతారు. తరుగు తియ్యకముందు సరుకు విలువ లక్షా ఇరవై వేలు; అందులో వడ్డీతో కలిపి అప్పు సుమారు డెబ్బై, తరుగూ ఖర్చులూ ఏడు. నలభై మూడు వేలు సరిపోయింది. ఈసారి యార్డు నుంచి చీటీ వచ్చినప్పుడు, నాన్న మొత్తం చెప్పకముందే అమ్మాయి చేత ఒక్కో వరుసా పైకి చదివించండి.