జాతీయ చిహ్నం: సారనాథ్ శిల్పానికి నకలు కాదు

1950 జనవరి 26న స్వీకరించిన మన జాతీయ చిహ్నాన్ని అశోకుని సారనాథ్ స్తంభ శీర్షానికి నకలుగా చదివితే మార్కులు పోతాయి. అది ఏరి కూర్చిన రూపం. మూలంలో వీపులు ఆనించుకున్న సింహాలు నాలుగు. చిహ్నంలో కనిపించేవి మూడే. మూలంలో ఫలకం చుట్టూ ఏనుగు, గుర్రం, ఎద్దు, సింహం ఉండగా, చిహ్నంలో మధ్యనున్న ధర్మచక్రానికి కుడివైపు ఎద్దు, ఎడమవైపు గుర్రం మాత్రమే ఉంటాయి (తరచూ అడిగేది ఇదే). కింది గంట ఆకారపు పద్మాన్ని వదిలేశారు.

ముందు నుంచి చూస్తే ఏ శిల్పమైనా సగమే కనిపిస్తుంది కదా అనవచ్చు. సింహాల లెక్కకు ఆ వాదన సరిపోతుంది. పద్మానికి సరిపోదు, అది ఏ వైపు నుంచైనా కనిపించేదే. పైగా దేవనాగరి లిపిలోని ‘సత్యమేవ జయతే’ అశోకుని శాసన వాక్యం కాదు, ముండకోపనిషత్తులోది. మౌర్య శిల్పం కింద ఉపనిషత్ వాక్యాన్ని చేర్చడం గణతంత్రం తానుగా తీసుకున్న నిర్ణయం. చిహ్నంలో అతి విలువైన అంశం ఇదేనని నా అభిప్రాయం. చిహ్నం దుర్వినియోగాన్ని నిషేధించే చట్టం 2005లో, వినియోగ నియమాలు 2007లో వచ్చాయి. ఈ రెండు సంవత్సరాలను తారుమారు చేసి ఐచ్ఛికాల్లో ఇస్తారు. జాతీయ చిహ్నంతో పాటు రాష్ట్ర చిహ్నాలనూ గుర్తుంచుకోవాలి: తెలంగాణ చిహ్నంలో కాకతీయ కళాతోరణం, చార్మినార్ ఉంటాయి. ఆంధ్రప్రదేశ్ చిహ్నానికి ఆధారం అమరావతి శిల్పకళ.