పీఎస్‌ఏ 5.8 అంటే క్యాన్సరేనా?

ప్రశ్న: నాకు 63 ఏళ్లు. స్టీల్‌ప్లాంట్‌లో రిటైరై కూర్మన్నపాలెంలో ఉంటున్నాను. హెల్త్ ప్యాకేజీలో పీఎస్‌ఏ 5.8 వచ్చింది. మూత్రం ధార సన్నబడిందని ఏడాదిగా మాత్ర వాడుతున్నాను. బయాప్సీ తప్పదా?

జవాబు: ఆ ఒక్క అంకె చూసి క్యాన్సర్ అనలేం. పీఎస్‌ఏ ప్రొస్టేట్ గ్రంథి తయారుచేసే ప్రోటీన్. వయసుతో గ్రంథి ఉబ్బినా, మూత్రంలో ఇన్‌ఫెక్షన్ ఉన్నా పెరుగుతుంది.

ముందు మీ మాత్ర పేరు చూడండి. టామ్సులోసిన్ ఒక్కటే అయితే ఫర్వాలేదు. డ్యూటాస్టరైడ్ గానీ ఫినాస్టరైడ్ గానీ కలిసి ఉంటే, ఆరు నెలలు దాటాక పీఎస్‌ఏ దాదాపు సగానికి తగ్గి కనిపిస్తుంది. అప్పుడు మీ 5.8ని 11, 12గా లెక్కేసుకోవాలి. ల్యాబ్ రిపోర్టులో ఈ సంగతి ఉండదు. అందుకే మందుల చీటీ లేకుండా యూరాలజిస్టు దగ్గరకు వెళ్లకండి.

అలాంటి మందు లేకపోతే, మూత్ర పరీక్ష చేయించి, కొన్ని వారాలాగి అదే ల్యాబ్‌లో మళ్లీ పీఎస్‌ఏ చూపించండి. ముందు రెండు రోజులు సైకిల్ తొక్కడం, దాంపత్యం వద్దు. మళ్లీ 4-10 మధ్యే ఉంటే ఫ్రీ పీఎస్‌ఏ శాతం అడగండి: 25 దాటితే అనుమానం తగ్గుతుంది, 10 లోపుంటే పెరుగుతుంది. ఆపై ఎంఆర్‌ఐ. బయాప్సీ మాట సాధారణంగా అది చూశాకే. టాటా మెమోరియల్ వారి హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి మీకు దగ్గర్లోనే, అగనంపూడిలో ఉంది.

మీ నాన్నగారికో అన్నదమ్ములకో ఈ జబ్బు వచ్చి ఉంటే డాక్టరుకు మొదటే చెప్పండి.