దాచిన వైరు, ఆగిన బండి

పోయిన సంచికలో కవితలు ఎక్కువయ్యాయని ఈసారి మా ఎడిటర్ టెక్నికల్ వ్యాసం అడిగారు. కోడింగ్ గురించి రాస్తే ఎవరూ చదవరు కాబట్టి బండి గురించి రాస్తున్నా.

వేసవి సెలవుల్లో నాన్న పాత స్ప్లెండర్‌ని కేఫ్ రేసర్‌గా మార్చా. పొడవాటి సీటు, సైడ్ కవర్లు తీసేయగానే లోపలి వైర్లన్నీ పేగుల్లా బయటపడ్డాయి. చూడ్డానికి బాలేదని ఇగ్నిషన్ సామానంతా దాచేశా. ఎలా దాచాలో, నేనెక్కడ తప్పు చేశానో చెబుతా.

ముందు అది ఎలా పనిచేస్తుందో చూద్దాం. మాగ్నెటోలో పుట్టిన కరెంటు సీడీఐ బాక్సులోని కెపాసిటర్‌ని కొన్ని వందల వోల్టులకు ఛార్జ్ చేస్తుంది. పల్సర్ కాయిల్ సిగ్నల్ ఇవ్వగానే ఆ ఛార్జ్ ఒక్కసారిగా ఇగ్నిషన్ కాయిల్‌లోకి పోతుంది. అక్కడ 10,000 వోల్టులు దాటి, ప్లగ్ దగ్గర నిప్పురవ్వగా మారుతుంది. ఇంజిన్ నిమిషానికి 6,000 చుట్లు తిరిగితే ఇదంతా సెకనుకు 100 సార్లు జరగాలి.

ఇప్పుడు ఏది ఎక్కడ పెట్టాలి?

ఇగ్నిషన్ కాయిల్: ట్యాంక్ కింద, ఫ్రేమ్ పైపుకి. ప్లగ్‌కి దగ్గరగా ఉంటే ప్లగ్ వైరు పొట్టిగా సరిపోతుంది. బోల్టు దగ్గర పెయింట్ గీకి తీరాలి, లేకపోతే ఎర్త్ సరిగ్గా అందదు.

సీడీఐ: సీటు వెనక మూపు లోపల, రబ్బరు మీద. ఇంజిన్ వేడి, వాన నీళ్లు రెండూ దానికి పడవు.

పల్సర్ వైరు: ప్లగ్ వైరుని ఆనుకుని పోనివ్వకూడదు. ఆ వోల్టేజీ వల్ల తప్పుడు సిగ్నల్ వెళ్లి మిస్సింగ్ వస్తుంది.

రెగ్యులేటర్: దీన్ని మాత్రం మూసిపెట్టొద్దు. గాలి తగలకపోతే వేడెక్కి కాలిపోతుంది.

ఇవన్నీ నేను పాటించా. అయినా ఒకరోజు నాన్నని వెనక కూర్చోబెట్టుకుని బస్టాండుకి వెళ్తుంటే, ఫ్లైఓవర్ దిగి ఎడమకి తిరగగానే ఇంజిన్ టక్కున ఆగిపోయింది. వెనకే లారీ. డ్రైవర్ బ్రేక్ కొట్టాడు కాబట్టి ఈ వ్యాసం రాస్తున్నా.

పక్కకి తోసి కిక్ కొడితే స్టార్టయింది. హ్యాండిల్ ఎడమకి తిప్పితే మళ్లీ ఆగింది. అప్పుడు వెలిగింది. ఈ బండిలో తాళం ఆఫ్ చేస్తే కరెంటు కట్ అవ్వదు, సీడీఐ నుంచి వచ్చే నలుపు-తెలుపు వైరు ఎర్త్‌కి కలుస్తుంది. నీట్‌గా కనపడాలని ఆ వైరుని నేను బిగుతుగా లాగి కట్టా. హ్యాండిల్ తిప్పినప్పుడల్లా ఫ్రేమ్‌కి రాసుకుని తొడుగు చిరిగింది. రాగి ఫ్రేమ్‌కి తగిలింది. బండి దృష్టిలో నేను తాళం తీసేసినట్టే!

ఇంకో తప్పు, ఆ జాయింట్ల మీద టేపు చుట్టేసి కుట్టేసినంత పని చేశా. రోడ్డు పక్కన అది విప్పడానికే గంట పట్టింది. నాన్న తిట్టలేదు. “దాచుకున్నది అవసరానికి చేతికి దొరకాలి కదరా” అన్నారు, అంతే.

మన క్లాసులో ఎన్‌క్యాప్సులేషన్ అని చెప్పేది ఇదే కదా! లోపలిది దాచు, కానీ రిపేరుకి దారి ఉంచు. ఇప్పుడు జాయింట్లన్నీ ఊడదీయగలిగే సాకెట్లతో ఉన్నాయి, మెడ దగ్గర వైర్లకి వదులు ఉంది. మీరూ బండి కడితే, రోడ్డెక్కే ముందు ఇంజిన్ ఆన్‌లో ఉంచి హ్యాండిల్ ఈ చివర నుంచి ఆ చివరకి పదిసార్లు తిప్పండి. నేను ఆ ఒక్క టెస్టే చేయలేదు.