పాత మదర్‌బోర్డుకు నెట్‌వర్క్ డ్రైవర్: ముందు చిప్ ఏదో తెలుసుకోండి

పాత కంప్యూటర్‌లో విండోస్ మళ్లీ ఎక్కించారు. కేబుల్ పెట్టారు. అయినా ఇంటర్నెట్ రాదు. డ్రైవర్ దించుకోవాలంటే ఇంటర్నెట్ కావాలి, ఇంటర్నెట్ రావాలంటే డ్రైవర్ కావాలి! చాలామంది ఇక్కడే బోర్డు పాడైందనుకుని పక్కన పెట్టేస్తారు. తరచుగా చిప్ బాగానే ఉంటుంది. దాన్ని ఎలా నడపాలో ఆపరేటింగ్ సిస్టమ్‌కు చెప్పే ప్రోగ్రామ్ మాత్రమే లేదు. ఆ ప్రోగ్రామే డ్రైవర్.

మరి ఏ డ్రైవర్ కావాలి? బోర్డు మోడల్ పేరు ఒక్కటే చూస్తే చాలదు. ఒకే మోడల్ వేర్వేరు రివిజన్లలో వేర్వేరు నెట్‌వర్క్ చిప్‌లు ఉండవచ్చు. అసలు ఆధారం చిప్‌లోనే ఉంది. పీసీఐ పద్ధతిలో కలిసే ప్రతి పరికరంలోనూ 16 బిట్ల సంఖ్యలు రెండు ఉంటాయి: ఒకటి తయారీదారుది, రెండోది పరికరానిది. డ్రైవర్ లేకపోయినా కంప్యూటర్ వీటిని చదవగలదు. రియల్‌టెక్ సంఖ్య 10ఈసీ. ఇంటెల్‌ది 8086. ఆ కంపెనీ పేరుమోసిన పాత ప్రాసెసర్ పేరు కూడా అదే!

డివైజ్ మేనేజర్‌లో పసుపు గుర్తున్న 'ఈథర్‌నెట్ కంట్రోలర్' మీద కుడి క్లిక్ చేసి ప్రాపర్టీస్, డీటెయిల్స్, హార్డ్‌వేర్ ఐడీస్ తెరవండి. 'వెన్' తర్వాతి నాలుగు అక్షరాలు తయారీదారువి, 'డెవ్' తర్వాతివి పరికరానివి. అక్కడ 10ఈసీ, 8168 కనిపిస్తే అది పాత బోర్డుల్లో విరివిగా వాడిన రియల్‌టెక్ గిగాబిట్ చిప్‌ల కుటుంబం. అసలు ఆ పరికరమే జాబితాలో లేకపోతే, బయోస్‌లో 'ఆన్‌బోర్డ్ ల్యాన్' ఆపేసి ఉందేమో చూడండి.

ఇక వేరే కంప్యూటర్‌లో డ్రైవర్ దించి పెన్‌డ్రైవ్‌లో తెచ్చుకోవచ్చు. ఆండ్రాయిడ్ ఫోన్‌ను యూఎస్‌బీ కేబుల్‌తో కలిపి టెథరింగ్ పెడితే విండోస్ 10 సాధారణంగా దానికి కావలసిన డ్రైవర్‌ను తనే వేసుకుంటుంది. మీ విండోస్ 32 బిట్లదా, 64 బిట్లదా అన్నది ముందే చూసుకోండి. ఒకదాని డ్రైవర్ మరోదానిలో పనిచేయదు. చిప్ లేదా బోర్డు తయారీదారు ఇచ్చిన ఫైలే వాడండి. 'అన్ని డ్రైవర్లూ మేమే వెతికి వేస్తాం' అనే ప్రోగ్రాములను నేనైతే దగ్గరికి రానివ్వను. నెట్‌వర్క్ డ్రైవర్ ఆపరేటింగ్ సిస్టమ్ గర్భంలో నడుస్తుంది. అందులో హానికరమైన కోడ్ ఉంటే కంప్యూటర్ మొత్తం దాని చేతికి పోతుంది.

అప్పటికీ పనిచేయకపోతే ఒక పరీక్ష ఉంది. పెన్‌డ్రైవ్ నుంచి నేరుగా నడిచే లినక్స్‌తో కంప్యూటర్ ఆన్ చేయండి. పైన చెప్పిన రియల్‌టెక్ చిప్‌కు కావలసిన 'ఆర్8169' డ్రైవర్ లినక్స్ కెర్నల్‌తోనే వస్తుంది. అక్కడ ఇంటర్నెట్ వస్తే లోపం విండోస్ వైపు ఉన్నట్టు. రాకపోతే కేబుల్, రూటర్ మార్చి చూసి, అప్పుడు చిన్న యూఎస్‌బీ నెట్‌వర్క్ అడాప్టర్ కొనుక్కోండి.